ఆయన్ని ఆశపోతు అనకండి

"ఆశకు పోయాడండీ, మనమేం చేస్తాం!"

విశాఖలోని కూర్మన్నపాలెం జంక్షన్లో, గాజువాక మార్కెట్లో, ఉక్కునగరం సెక్టార్లలో నలుగురు కూడిన చోటల్లా ఈమధ్య ఇదే మాట వింటున్నాను. రిటైర్మెంట్ డబ్బు షేర్లలో పోగొట్టుకున్న మనిషి గురించి అంటారు. కొడుకు లోన్ యాప్‌లలో అప్పులు చేసి ట్రేడింగ్ ఆడితే ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రి గురించి అంటారు. ఫోన్లో ఎవరో చూపించిన దొంగ యాప్‌ని నమ్మి పీఎఫ్ మొత్తం అందులో వేసిన టీచరమ్మ గురించి అంటారు. అనేసి, టీ గ్లాసు కింద పెట్టి, ఎవరి దారిన వాళ్లు లేచి వెళ్లిపోతారు. వింటుంటే ఒళ్లు మండుతుంది. ఆ ఒక్క మాటతో ప్రభుత్వం తప్పుకుంటుంది, బ్యాంకు తప్పుకుంటుంది, బ్రోకరు తప్పుకుంటాడు, యూనియన్ తప్పుకుంటుంది, చుట్టాలూ తప్పుకుంటారు. పోగొట్టుకున్నవాడు ఒక్కడే దోషిగా మిగులుతాడు. డబ్బూ పోయింది, మర్యాదా పోయింది.

అసలు ఈ ఊళ్లో మామూలు మనిషి చేతికి అంత డబ్బు ఒక్కసారిగా ఎలా వచ్చింది, వచ్చిన రోజు అతని పక్కన ఎవరున్నారు? ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు.

విశాఖ ఉక్కు కథ తెలిసిందే. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే, 64 గ్రామాల జనం భూములు వదులుకుంటే వచ్చిన ఫ్యాక్టరీ అది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. సొంత గనులు ఇవ్వకుండా దాన్ని దశాబ్దాల పాటు బహిరంగ మార్కెట్లో ఖనిజం కొనుక్కోమని వదిలేశారు. 2021 జనవరి 27న నూటికి నూరు శాతం అమ్మేస్తామని కేంద్ర మంత్రివర్గ సంఘం తీర్మానించింది. అప్పటి నుంచి ఆ ప్లాంటులో పనిచేసేవాళ్ల ఏ ఇంట్లోనూ కంటినిండా నిద్ర లేదు. 2024లో జీతాలు సగం ఒకసారి, సగం ఒకసారి పడ్డాయి. కాంట్రాక్టు కార్మికుల గేటుపాసులు ఆగిపోయాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు స్వీట్లు పంచుకున్నారు. ప్యాకేజీ ప్లాంటుకు వచ్చింది, కార్మికుడి బల్ల మీదికి వచ్చింది మాత్రం స్వచ్ఛంద విరమణ (వీఆర్‌ఎస్) ఫారం. మొదటి విడతలోనే వెయ్యి మందికి పైగా సంతకాలు పెట్టి బయటికొచ్చారు. మామూలుగా రిటైరయ్యేవాళ్లు నెలనెలా వస్తూనే ఉన్నారు.

బయటికొచ్చినవాడి లెక్క ఏమిటో చూడండి. పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం ఈపీఎస్‌లో, పెన్షన్‌కి లెక్కగట్టే జీతం గరిష్ఠ పరిమితి 15,000 రూపాయలు. ముప్ఫై మూడేళ్లు కొలిమి దగ్గర ఒళ్లు కాల్చుకున్నవాడికైనా మామూలు లెక్క ప్రకారం ఆ పథకం కింద నెలకు వచ్చేది 7,500 దాటదు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు హయ్యర్ పెన్షన్ మీద తీర్పు ఇచ్చాక దేశమంతటా లక్షలమంది దరఖాస్తులు పట్టుకుని పీఎఫ్ ఆఫీసుల చుట్టూ తిరిగారు. సరే, ఇంకేదో కాస్త చేరుతుందనుకుందాం. మందులకూ, కరెంటు బిల్లుకూ, మనవరాలి స్కూలు ఫీజుకూ అది చాలదు. కాబట్టి పీఎఫ్, గ్రాట్యుటీ, లీవు డబ్బు అన్నీ కలిపి వచ్చిన ఆ ఒక్క మొత్తమే ఇక జన్మంతా జీతం ఇవ్వాలి. జీతగాడిగా ముప్ఫై ఏళ్లు బతికిన మనిషి ఒక్క రాత్రిలో పెట్టుబడిదారు కావాలి. అది ఎలాగో ఎవరు నేర్పారు?

మా వీధి చివర ఒక బాబాయ్ ఉంటారు. మాకు చుట్టరికం లేదు, పిలుపు అలా అలవాటైంది. రోలింగ్ మిల్లులో చేసి 2024 దసరా ముందర రిటైరయ్యారు. మార్కెట్ ఆకాశంలో ఉన్న రోజులవి. సెప్టెంబరు 27న సెన్సెక్స్ 85,978 దాకా వెళ్లింది. టీవీలో, ఫోన్లో, పెళ్లి భోజనాల్లో అదే మాట. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేస్తానని ఆయన అంటే ఇంట్లోవాళ్లే నవ్వారు. "పోస్టాఫీసేంటి నాన్నా, ఈ రోజుల్లో!" అన్నాడు కొడుకు. ఆ స్కీము గరిష్ఠ పరిమితి 30 లక్షలు, వడ్డీ 8.2 శాతం. ముప్ఫై లక్షలు వేసుంటే మూడు నెలలకోసారి 61,500 రూపాయలు చేతికొచ్చేవి. అంటే నెలకు ఇరవై వేల అయిదు వందలు. గుండె దడ లేదు, ఫోను చూసుకునే పని లేదు. నవ్వినవాళ్లలో ఒక్కరైనా కాగితం తీసుకుని ఈ లెక్క వేశారా? వేయలేదు.

బ్యాంకుకు వెళ్లారు. ఏ బ్యాంకో అక్కర్లేదు, ఈ పని చేయని బ్యాంకును చూపించండి చాలు. ఖాతాలో పెద్ద మొత్తం పడిందని వాళ్లకు ముందే తెలుసు కదా, ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఎఫ్‌డీ లాంటిదేనండీ, ఇంకా మెరుగైనదండీ అని చెప్పి సంతకాలు చేయించారు. అది ఏటా ప్రీమియం కట్టాల్సిన బీమా పాలసీ. అరవై ఏళ్ల రిటైరైన మనిషికి! రెండో ప్రీమియం కట్టమని మెసేజ్ వచ్చేదాకా ఆయనకు ఆ సంగతే తెలియదు. పాలసీ కాగితాలు అందాక 30 రోజుల లోపు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయవచ్చని నిబంధన ఉంది. నామమాత్రపు కోతలు పోను డబ్బు తిరిగొస్తుంది. ఆ నిబంధన ఆ కాగితాల కట్టలోనే ఉంది, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. కాఫీ ఇచ్చినవాళ్లు ఆ ముక్క చెప్పలేదు.

ఇంకో ముక్క అదే ఊపులో మ్యూచువల్ ఫండ్లలోకి ఒకేసారి వెళ్లింది. అయిదారేళ్లు కదపక్కర్లేని డబ్బయితే తప్పులేదు. ఆయనది నెలనెలా తీసుకు తినాల్సిన డబ్బు. 2025 మార్చి మొదటివారం నాటికి సెన్సెక్స్ 73,000 దగ్గరికి దిగింది. విదేశీ సంస్థలు అమ్ముకుంటూ పోయాయి, అమెరికా సుంకాల భయం ఊరంతా కమ్మింది. ఏప్రిల్ 7న ఒక్కరోజే రెండు వేల రెండు వందల పాయింట్లు కూలింది. ఆ భయంలో ఆయన ఫండ్లు అమ్మేశారు. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే మార్కెట్ తేరుకుంది, ఆయన అందులో లేరు. మార్కెట్ పడటం, లేవటం కొత్తేమీ కాదు. ఎప్పుడో తీయాల్సిన డబ్బును, ఇప్పుడే తీయాల్సిన డబ్బును వేరువేరు డబ్బాల్లో పెట్టుకోవాలన్న పాఠం ఆయనకు ఎవరూ చెప్పకపోవడమే ఇక్కడ కొంప ముంచింది.

పోయింది రాబట్టుకోవాలని ఆప్షన్ల జోలికి, అంటే గడువు తేదీ లోపల సూచీ ఎటు కదులుతుందో పందెం కాసే ఆట జోలికి వెళ్లారు. ఆశపోతు అన్నారే, ఆ ఆశపోతు ఎలా ఆడాడో నేను కళ్లారా చూశాను. బాబాయ్ దగ్గర పొడుగు లెడ్జరు పుస్తకం ఉంది. మిల్లులో షిఫ్టు లాగ్ రాసినట్టే గీతలు గీసి, గడులు కట్టి రాశారు. తేదీ, స్ట్రైక్, కాల్ లేక పుట్, లాట్లు, కొన్న ధర, అమ్మిన ధర, చివరి గడిలో బ్రోకరేజీ, పన్నులు. ఒక పేజీలో వేలు పెట్టి చూపించారు. గురువారం, ఆప్షన్ గడువు తీరే ఎక్స్‌పైరీ రోజు. నిఫ్టీ కాల్, రెండు లాట్లు, అంటే 150. కొన్న ధర 38 రూపాయలు. మొత్తం 5,700. అమ్మిన ధర గడిలో ఎర్ర సిరాతో సున్నా. ఆ సున్నా పక్కన కూడా చార్జీల గడి ఖాళీగా లేదు. ప్లాంటులో ఏదైనా తేడా వస్తే ఎర్ర సిరాతో రాయాలి, ఆ అలవాటు పోలేదాయనకు. ఆ తర్వాతి పేజీలు దాదాపు అన్నీ ఎరుపే.

"ఏటి బాబూ, నేను తాగనేదు, పేకాడనేదు. లెక్క రాసుకునే చేసినాను. అయినా మొత్తం పోనాది. ఎక్కడ తప్పు చేసినానో ఈ పుస్తకంలో చూసి చెప్తావా?" అన్నారు.

ఆయన తప్పు ఆ పుస్తకంలో దొరకదు. ఆ ఆటలోనే ఉంది. ఆప్షన్ కొన్నవాడికి గడియారం శత్రువు. మార్కెట్ కదలకపోయినా సరే, పొద్దెక్కేకొద్దీ ప్రీమియం కరుగుతుంది. ఎక్స్‌పైరీ రోజైతే గంటగంటకూ కరిగి, పందెం తప్పితే మూడున్నరకు సున్నా అవుతుంది. కరిగిన ఆ డబ్బు అమ్మినవాడి జేబులోకి వెళుతుంది. ఆ అమ్మినవాళ్లలో పెద్దచేయి కోట్లతో, కంప్యూటర్లతో, రెప్పపాటు కన్నా వేగంగా లావాదేవీలు చేసే సంస్థలది. వాళ్ల ఎదురుగా లెడ్జరూ ఎర్ర పెన్నూ పట్టుకుని మా బాబాయ్.

ఇది నా ఊహ కాదు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2023 జనవరిలోనే లెక్క తీసింది. 2021-22లో ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్లు, ఆప్షన్లలో, ఆడిన మామూలు మనుషుల్లో నూటికి 89 మంది నష్టపోయారు. 2024 సెప్టెంబరులో మళ్లీ లెక్క తీసింది. మూడేళ్లలో కోటి మందికి పైగా ఆడితే 93 శాతం మంది నష్టపోయారు, తలా సగటున రెండు లక్షలు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు. నాలుగింట మూడొంతుల మంది తమ వార్షికాదాయం అయిదు లక్షల లోపే అని చెప్పుకున్నవాళ్లు. నూటికి 72 మంది పెద్ద 30 నగరాలకు బయటివాళ్లు. 2023-24 నాటికి ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లు 43 శాతం. అదే నివేదికలో, 2023-24 ఒక్క ఏడాదిలో సొంత డబ్బుతో ఆడే ట్రేడింగ్ సంస్థలు 33 వేల కోట్లు, విదేశీ సంస్థలు 28 వేల కోట్లు ఖర్చులు తీయకముందు లాభం చేసుకున్నాయని, అందులో దాదాపు అంతా కంప్యూటర్ అల్గారిదమ్‌లతోనే వచ్చిందని రాసి ఉంది. 2025 జులైలో మూడోసారి లెక్క తీశారు. 2024-25లోనూ 91 శాతం నష్టపోయారు, నష్టం 74,812 కోట్ల నుంచి 1,05,603 కోట్లకు పెరిగింది.

మూడుసార్లు లెక్కపెట్టారు! మునిగేవాళ్లను గట్టు మీద నిలబడి లెక్కపెట్టినట్టు, ఏడాదికింతమంది అని పుస్తకాల్లో రాసుకున్నారు. చర్యలు తీసుకున్నాం అంటారు. ఏం తీసుకున్నారు? 2023-24 రోజుల్లో సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి, బుధ, గురు, శుక్రవారాలు ఒక్కొక్కటి, వారంలో అయిదు రోజులూ ఏదో ఒక సూచీకి ఎక్స్‌పైరీ నడిచింది. జనం చచ్చాక 2024 నవంబరు నుంచి ఒక్కో ఎక్స్ఛేంజికి ఒకటే అన్నారు. కాంట్రాక్టు విలువ 15 లక్షలకు పెంచారు. అంటే చిన్నవాడు ఆడటం మానలేదు, ఆడినప్పుడు ఇంకాస్త పెద్ద ముక్క పోతోంది. యాప్ తెరవగానే పదిమందిలో తొమ్మండుగురు నష్టపోయారు అని చూపించాలన్నారు. చాలా యాప్‌లలో అది ఇంగ్లీషులో నాలుగు వరుసలు, కింద 'అర్థమైంది' అనే బటను. మా బాబాయ్ ఆ బటను రోజూ నొక్కారు. అర్థమై కాదు, నొక్కితే గానీ లోపలికి పోనివ్వదు కనుక.

ఆ పక్క ప్రభుత్వం ప్రతి లావాదేవీ మీదా సెక్యూరిటీస్ ట్రాన్సాక్షన్ ట్యాక్స్ తీసుకుంటోంది. లాభం వచ్చినా తీసుకుంటుంది, సర్వం పోయినా తీసుకుంటుంది. 2024 అక్టోబరు 1 నుంచి ఆప్షన్ల మీద 0.0625 నుంచి 0.1 శాతానికి పెంచింది. ఎక్స్ఛేంజికి దాని రుసుము, బ్రోకరుకు అతని రుసుము. ఎవరు నష్టపోయినా వీళ్ల వాటా వీళ్లకు వచ్చే వ్యాపారం ఇది. నష్టంలో వాటా మాత్రం పూర్తిగా ఆడినవాడిదే.

2025 జులై 3న సెబీ అమెరికా సంస్థ జేన్ స్ట్రీట్ మీద మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఎక్స్‌పైరీ రోజుల్లో పొద్దున్నే బ్యాంక్ నిఫ్టీ షేర్లు కొని సూచీని లేపి, ఆప్షన్లలో ఎదురు పందెం కాసి, మధ్యాహ్నం ఆ షేర్లే అమ్మి దించిందన్నది ఆరోపణ. 4,843 కోట్లు స్వాధీనం చేయాలని ఆదేశించింది. ఆ సంస్థ కాదంటోంది, ట్రిబ్యునల్‌కు వెళ్లింది. నిజానిజాలు అక్కడ తేలతాయి. కానీ ఆ ఉత్తర్వు లెక్క ప్రకారమే 2023 జనవరి నుంచి 2025 మార్చి దాకా మన మార్కెట్లో ఆ ఒక్క గ్రూపు లాభం 36 వేల కోట్లకు పైన. రెండేళ్లకు పైగా ఇంత జరిగినప్పుడు కాపలాదారు ఎటు చూస్తున్నాడు అని అడగడం నేరమా? ఆశకు పోయింది కూర్మన్నపాలెంలో బాబాయా?

మన ప్లాంటులో కొత్తగా చేరిన కుర్రాణ్ణి బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గరికి సరాసరి పంపరు. సేఫ్టీ ట్రైనింగ్ ఉంటుంది, హెల్మెట్టు, బూట్లు ఉంటాయి, పర్మిట్ లేనిదే పని మొదలుపెట్టకూడదు. ప్రమాదం జరిగితే విచారణ వేస్తారు, కార్మికుడి అజాగ్రత్త అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే యూనియన్లు ఊరుకోవు. మరి అదే కార్మికుడు అరవయ్యో ఏట ఆధార్ ఓటీపీతో ఖాతా తెరిచి, బ్యాంకు స్టేట్‌మెంటు ఒకటి అప్‌లోడ్ చేసి ఎఫ్ అండ్ ఓలోకి వెళ్లిపోతే ఆపే గేటు లేదు, అడిగే మనిషి లేడు. కాలినప్పుడు మాత్రం అజాగ్రత్త అనేస్తున్నాం. యూనియన్లు కూడా అనేస్తున్నాయి. నాకు ఎక్కువ నొప్పి అక్కడే.

కుర్రాళ్ల సంగతి వేరే పెద్ద కథ. మద్దిలపాలెం హాస్టళ్లలో, గాజువాక గదుల్లో టెలిగ్రామ్ గ్రూపులే వాళ్ల గురుకులాలు. తెలుగులో తీయగా మాట్లాడే 'సార్' ఒకడు లాభాల స్క్రీన్‌షాట్లు పెడతాడు, వీఐపీ గ్రూపుకు రుసుము కట్టించుకుంటాడు. 2025 జనవరిలో సెబీ, చదువు చెబుతున్నామనేవాళ్లు మూడు నెలల పాత ధరలే వాడాలని నియమం పెట్టింది. నియమం ముంబయిలో ఉంది, గ్రూపు ఇక్కడ నడుస్తోంది. సెబీ దగ్గర నమోదై, రుసుము తీసుకుని, కమీషన్ లేకుండా సలహా చెప్పే పెట్టుబడి సలహాదారులు ఇంత దేశం మొత్తం మీద వెయ్యి మంది కూడా లేరు. మంచి సలహా అడగాలన్నా అడిగే చోటు లేని ఊళ్లో మనిషి ఎవర్ని అడుగుతాడు? దొరికినవాణ్ణి అడుగుతాడు.

దొంగ ట్రేడింగ్ యాప్‌ల దగ్గరికొస్తే కడుపు మండిపోతుంది. 2024 జనవరి నుంచి ఏప్రిల్ దాకా నాలుగు నెలల్లో ఇలాంటి ట్రేడింగ్ మోసాల్లో దేశంలో 1,420 కోట్లు పోయాయని కేంద్ర హోంశాఖ సైబర్ విభాగం చెప్పింది. ఆ మే నెలలోనే విశాఖ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి, మన కుర్రాళ్ల దగ్గర లక్షన్నర దాకా తీసుకుని, కంబోడియాకు చేర్చి చైనా ముఠాలకు అప్పగించిన వ్యవహారం అది. అక్కడ వాళ్ల పాస్‌పోర్టులు లాక్కుని, చీకటి గదుల్లో పెట్టి, ఇక్కడివాళ్లకే ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. ఎదురు తిరిగినవాళ్లకు తిండి పెట్టలేదు. కంబోడియాలోని సిహనూక్‌విల్‌లో వందలాదిమంది భారతీయులు తిరగబడ్డారు. అదే నెలలో కొందరు విశాఖ విమానాశ్రయంలో దిగారు. ఎంత ఘోరమో ఆలోచించండి. ఉద్యోగం లేక ఇక్కడి నుంచి వెళ్లిన కుర్రాడి గొంతుతో, ఉద్యోగం అయిపోయి ఇక్కడ ఇంట్లో కూర్చున్న పెద్దాయన జేబు కొట్టే యంత్రాంగం. రెండు వైపులా మనవాళ్లే. ఆ వారం పేపర్లలో పెద్ద అక్షరాలు వచ్చాయి, తర్వాత మర్చిపోయాం.

మర్చిపోవడం మనకు అలవాటైపోయింది. డిపాజిట్లు కట్టించుకుని ముంచిన అగ్రిగోల్డ్‌ను మర్చిపోలేదూ? 32 లక్షల మంది, సుమారు 6,400 కోట్లు. కూలి చేసుకునేవాళ్లు, టైలర్లు, హోంగార్డులు కట్టిన డబ్బు. ఏజెంట్లంతా మన బంధువులే కనుక అడగడానికి మొహమాటపడ్డాం. పదివేల లోపు డిపాజిట్లకు 2019లో, ఇరవై వేల లోపు వాటికి 2021లో ప్రభుత్వం ఖజానా నుంచి ఇచ్చింది. మిగతావాళ్లు ఇప్పటికీ పాసుపుస్తకాలు దాచుకునే ఉన్నారు. కార్వీ కూడా మర్చిపోయాం. హైదరాబాద్‌లో పుట్టి ప్రతి తెలుగు పట్నంలో బోర్డు పెట్టుకున్న సంస్థ అది. ఖాతాదారుల షేర్లను వాళ్లకు తెలియకుండా తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుందని 2019 నవంబరు 22న సెబీ ఉత్తర్వు వచ్చేదాకా చాలామందికి తెలియదు. అక్కడ షేర్లు పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఆప్షన్లు ఆడలేదు, టిప్పులు వినలేదు. మంచి కంపెనీల షేర్లు కొని కదపకుండా ఉంచుకున్నారు. వాళ్లనూ ఆశపోతులే అందామా?

ఎవరు బలవంతపెట్టారు, అంటారు. ఎవరూ పెట్టలేదు, నిజమే. కానీ నెలనెలా జీతం రావడం అనుమానంగా మారినప్పుడు, ప్లాంటు ఉంటుందో ఊడుతుందో తెలియనప్పుడు, చేతిలో ఉన్న మొత్తం కరిగిపోతుందన్న భయం ఒక్కటే రోజూ తలుపు తడుతున్నప్పుడు మనిషి ఏదో ఒకటి చేస్తాడు. అతన్ని కదిలించింది భయం. దాన్ని ఆశ అని పిలిస్తే పక్కనున్నవాళ్లకు సుఖంగా ఉంటుంది, అందుకే అలా పిలుస్తున్నాం.

కష్టమైనవేమీ అడగటం లేదు. వీఆర్‌ఎస్ తీసుకున్నవాడికి 55 నుంచి 60 ఏళ్ల మధ్య ఉంటే, డబ్బు అందిన మూడు నెలల లోపు సీనియర్ సిటిజన్ స్కీములో చేరవచ్చు. మూడు నెలలు దాటితే అరవై నిండేదాకా ఆ తలుపు మూసుకుంటుంది. మొదటి విడతలో బయటికొచ్చినవాళ్లలో నేను అడిగిన చాలామందికి ఈ గడువు సంగతి తెలియదు. రిలీవింగ్ ఆర్డరుతో పాటు ఈ ఒక్క వాక్యం తెలుగులో అచ్చువేసి ఇవ్వడానికి యాజమాన్యానికి ఏం అడ్డొచ్చింది? బ్యాంకులో ఒక్కో మనిషికి అయిదు లక్షల దాకానే డిపాజిట్ బీమా అనీ, బ్యాంకులో అమ్మేదంతా డిపాజిట్ కాదనీ, పాలసీ నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వవచ్చనీ, ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ముట్టుకోకుండా పక్కన పెట్టుకోవాలనీ, అప్పు చేసి షేరు కొనకూడదనీ, మోసపోయిన గంటలోపే 1930కి ఫోను చేస్తే డబ్బు ఆగే అవకాశం ఉందనీ ఆ కాగితం మీదే రాయవచ్చు. వెనక పేజీలో సెబీ లెక్క రాయండి, నూటికి 91 మంది అని, పెద్ద అక్షరాల్లో.

కూర్మన్నపాలెం ఆర్చి దగ్గర 2021 ఫిబ్రవరి నుంచి దీక్షా శిబిరం నడిచింది. ఎండలో, వానలో ఏళ్ల తరబడి కూర్చున్న మనుషులను చూసి నేను చేతులెత్తి దండం పెట్టాను. ప్లాంటును కాపాడుకోవడానికి అంత ఓపిక ఉన్న సంఘాలకు, ఆ ప్లాంటు ఇచ్చిన ఆఖరి జీతాన్ని కాపాడటానికి ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేసే ఓపిక లేదా? రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, ఆడిటర్లు, కామర్స్ మాస్టార్లు ఈ ఊళ్లో వందలమంది ఉన్నారు. వారానికి ఒక పూట వచ్చి కూర్చోమంటే రారా? పిలిస్తే కదా తెలిసేది. ఎవరైనా పిలిచారా?

సెబీ వారపు ఎక్స్‌పైరీని పూర్తిగా ఎత్తేయాలి. లేదూ, అరవై దాటినవాడికీ, ఆదాయం అయిదు లక్షల లోపు ఉన్నవాడికీ ఎఫ్ అండ్ ఓ తెరవాలంటే అతని భాషలో, ఎదురుగా మనిషి కూర్చుని, ఒక పరీక్ష పెట్టాలి. వచ్చే కమీషన్లు తగ్గుతాయని ఎక్స్ఛేంజీలు గోలపెడతాయి, పెట్టనివ్వండి. పన్ను తగ్గుతుందని ఢిల్లీ ముఖం చిట్లిస్తుంది, చిట్లించనివ్వండి. లక్ష కోట్లు పోయిన ఇళ్ల గోల వాళ్లకు వినపడలేదు కదా.

తర్వాతి విడత వీఆర్‌ఎస్ జాబితా ఏ రోజైనా నోటీసు బోర్డు ఎక్కవచ్చు. ఆ పేర్లలో ఎవరి ఖాతాలో ఎంత పడుతుందో, ఏ రోజు పడుతుందో యాజమాన్యానికి తెలుసు, బ్యాంకులకు తెలుసు, ఏజెంట్లకు అంతకంటే ముందే తెలుసు. ఆ రోజు కన్నా ముందు ఒక తెలుగు కాగితం వాళ్ల చేతిలో ఉండాలి. దీనికోసం కూడా మళ్లీ రోడ్డెక్కాలా?